గోడ మీదికి పేరు ఎలా చేరుతుంది: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌పై ఒక కేస్ స్టడీ

క్రీడాకారుల పేరిట గౌరవ మందిరం ఏర్పాటు చేయాలనుకునేవారు సాధారణంగా గోడతో మొదలుపెడతారు. గోడ ఎంత పొడవుంది, ఎన్ని ఫొటోలు పడతాయి, ఎవరెవరి పేర్లు పెట్టాలి అని అడుగుతారు. మ్యూజియం ప్రదర్శనల రూపకల్పనే నా వృత్తి కాబట్టి ఇలాంటి సలహా కోసం వచ్చేవారు నాకు తరచుగా తారసపడతారు. వారి ముందు నేను పెట్టే ఉదాహరణ మాంచెస్టర్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం. అక్కడి హాల్ ఆఫ్ ఫేమ్ 2002లో మొదలైంది. అనుసరించదగినవీ, జాగ్రత్తపడదగినవీ అందులో రెండూ ఉన్నాయి. దాన్ని పరిశీలించిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటే. ఒక పేరు గోడ మీదికి చేరాలంటే అంతకు చాలా ముందే ఎవరో ఒకరు ఆ పేరు కోసం పాత పత్రికలు తిరగేసి, సమాధులు వెతికి, బతికి ఉన్న సహచరులతో మాట్లాడి ఉండాలి. ఆ పని జరగని చోట ఎంత గొప్ప ఆటగాడైనా ఎంపిక సంఘం దృష్టికే రాడు.

ప్రెస్టన్ నుంచి మాంచెస్టర్‌కు

ఈ మ్యూజియం మాంచెస్టర్‌లో పుట్టలేదు. 2001లో ప్రెస్టన్ పట్టణంలోని డీప్‌డేల్ స్టేడియంలో తెరిచారు. ఆ స్థలానికి ఆ అర్హత పూర్తిగా ఉంది. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించిన పన్నెండు క్లబ్బుల్లో డీప్‌డేల్ సొంత మైదానంగా ఉన్న ప్రెస్టన్ నార్త్ ఎండ్ ఒకటి. తొలి సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా విజేతగా నిలిచింది. ఆ ఏడాదే ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ నిర్వహించే ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. హాల్ ఆఫ్ ఫేమ్ తొలి జాబితాలో చోటు దక్కిన టామ్ ఫిన్నీ ఆడింది ఈ క్లబ్బుకే. ఆయన చేతిలో ప్లంబర్ పని కూడా ఉండేది. ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల జీతాలపై గరిష్ఠ పరిమితిని 1961లో ఎత్తివేశారు, ఫిన్నీ అంతకు ముందు ఏడాదే రిటైరయ్యారు. దేశం తరఫున ఆడిన మహా ఆటగాడు పైపులు బిగించి సంపాదించుకున్న కాలం అది. ఆ తరం వారి ఇళ్లలో దొరికే వస్తువులు కూడా అలాగే ఉంటాయి: కుట్లు ఊడిన తోలు బూట్లు, ఒకటి రెండు పతకాలు, అల్మరాలో మడిచిపెట్టిన ఒక జెర్సీ.

స్టేడియం బయట 2004లో ఫిన్నీ విగ్రహం పెట్టారు. 1956లో నీళ్లు నిలిచిన మైదానంలో ఆయన జారుతూ బంతిని తీసుకెళ్తుంటే తీసిన ప్రసిద్ధమైన ఫొటో దానికి ఆధారం. ఆటగాడు చేతులు కట్టుకుని నిలబడిన విగ్రహాలు ఎన్నో చూశాను. ఇది వాటికి భిన్నమైనది. నీటి తుంపరలు కూడా విగ్రహంలో భాగమే. ఆటగాణ్ణి ఆటలోనే చూపించిన ఇలాంటి విగ్రహాలు నాకు తెలిసి చాలా తక్కువ.

2010లో ప్రెస్టన్‌లో మ్యూజియం మూతపడింది. 2012 జులైలో మాంచెస్టర్ నడిబొడ్డున అర్బిస్ అనే అద్దాల భవనంలో మళ్లీ తెరుచుకుంది. ఇంత పెద్ద సేకరణను నిలబెట్టడానికి కావలసిన డబ్బు, సందర్శకులు మాంచెస్టర్‌లోనే ఎక్కువ అన్నది కాదనలేని సంగతి. అయినా ఈ తరలింపులో పోయినది కూడా ఉంది. డీప్‌డేల్‌లో గ్యాలరీ నుంచి బయటికి వస్తే ఫిన్నీ ఆడిన మైదానమే ఉండేది. మాంచెస్టర్‌లో ఆ దగ్గరితనాన్ని లేబుళ్లతోనూ వీడియోలతోనూ తెచ్చుకోవాలి. ఫిన్నీ విగ్రహం ప్రెస్టన్‌లోనే ఉండిపోయింది. అలా ఉంచడమే సరైన పని అని నేననుకుంటాను.

నిబంధన రాయడం

హాల్ ఆఫ్ ఫేమ్‌కు అర్హత నిబంధన చాలా చిన్నది. ఆటగాడు రిటైరై ఉండాలి, లేదా కనీసం ముప్ఫై ఏళ్లు నిండి ఉండాలి. ఇంగ్లండ్‌లో కనీసం ఐదేళ్లు ఆడి ఉండాలి. మేనేజర్లకైతే ఐదేళ్లు పనిచేసి ఉండాలి. ఎంపిక చేసేది మాజీ ఆటగాళ్లు, చరిత్రకారులు, క్రీడా పాత్రికేయులు ఉన్న సంఘం. ఇంగ్లండ్‌లో పుట్టి ఉండాలన్న షరతు లేదు. అందుకే తొలి విడతలోనే ఉత్తర ఐర్లండ్‌కు చెందిన జార్జ్ బెస్ట్, స్కాట్లండ్‌కు చెందిన డెనిస్ లా, కెన్నీ డాల్‌గ్లీష్, వేల్స్‌కు చెందిన జాన్ చార్ల్స్, ఫ్రాన్స్‌కు చెందిన ఎరిక్ కాంటోనా అందరూ ఉన్నారు. ఆ నేల మీద ఆడిన ఆటకు గౌరవం, పాస్‌పోర్టుతో పనిలేదు. ఇది మంచి నిర్ణయం.

నిబంధన ఎంత సూటిగా ఉన్నా అంచుల్లో ఏం జరుగుతుందో చూడాలి. కాంటోనా 1992 ఆరంభంలో లీడ్స్ యునైటెడ్‌లో చేరి, 1997 మే నెలలో మాంచెస్టర్ యునైటెడ్‌లో ఉండగా ఆట మానేశారు. అంటే ఐదేళ్ల గడప దాటింది కొద్ది నెలలతోనే. అందులోనూ ప్రేక్షకుడిపై దాడి చేసినందుకు 1995లో ఎనిమిది నెలలు నిషేధంలో గడిచాయి.

డంకన్ ఎడ్వర్డ్స్ సంగతి ఇంకా సున్నితమైనది. పదహారేళ్ల వయసులో 1953 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మొదటి జట్టులోకి వచ్చాడు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, పదిహేను రోజుల తరువాత ఆస్పత్రిలో మరణించాడు. అప్పటికి అతడి వయసు ఇరవై ఒకటి, ఇంగ్లండ్ తరఫున 18 మ్యాచ్‌లు ఆడాడు. మొదటి జట్టులో గడిపిన కాలాన్ని క్యాలెండర్‌తో కొలిస్తే ఐదేళ్లకు రెండు నెలలు తక్కువ. క్లబ్బులో చేరింది 1952లో కాబట్టి అలా లెక్కిస్తే సరిపోతుంది. ఎడ్వర్డ్స్‌ను తొలి జాబితాలోనే చేర్చుకున్నారు. అతడు లేని జాబితాను ఆ దేశంలో ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

ఈ రెండు ఉదాహరణలనూ నేను ఎప్పుడూ జంటగానే చెబుతాను. నిబంధన రాసేవారు ముందుగా తమ మనసులో ఉన్న పది పన్నెండు పేర్లను ఆ నిబంధన గుండా నడిపించి చూడాలి. ఎవరు జారిపోతున్నారో గమనించాలి. జారిపోయిన పేరు చూసి గుండె కలుక్కుమంటే వాక్యాన్ని మార్చాలి. ఎంపికలు మొదలయ్యాక మార్చితే పక్షపాతం అంటారు, ఆ మాటలో న్యాయం ఉంటుంది కూడా.

లిలీ పార్

తొలి విడతలో ఇరవైమందికి పైగా మగ ఆటగాళ్లు, ఆరుగురు మేనేజర్లు ఉన్నారు. మహిళ ఒక్కరే. ఆమె లిలీ పార్.

1905లో సెయింట్ హెలెన్స్‌లో పుట్టింది. లెఫ్ట్ వింగర్. పద్నాలుగో ఏటనో పదిహేనో ఏటనో ప్రెస్టన్‌లోని డిక్ కెర్ లేడీస్ జట్టులో చేరింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మగవాళ్లు యుద్ధానికి వెళ్తే, డిక్ కెర్ కర్మాగారంలో ఆయుధ సామగ్రి తయారుచేసిన స్త్రీలు విరామ సమయంలో ఆడిన ఆట నుంచి పుట్టిన జట్టు అది. 1917 క్రిస్మస్ రోజున గాయపడ్డ సైనికుల సహాయార్థం డీప్‌డేల్‌లోనే వాళ్లు మ్యాచ్ ఆడితే పదివేల మంది చూశారు. ఎనభై నాలుగేళ్ల తరువాత మ్యూజియం తెరుచుకున్నది అదే మైదానంలో. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వారి మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. లోపలికి వెళ్లలేక వెనుదిరిగినవారు మరిన్ని వేలమంది. ఆ ఒక్క రోజు ధర్మకార్యాలకు వసూలైన మొత్తం 3,000 పౌండ్లకు పైగానే.

ఏడాది తిరగకుండానే తలుపులు మూశారు. 1921 డిసెంబర్ 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, ఈ ఆట స్త్రీలకు తగినది కాదని తీర్మానించి, తన సభ్య క్లబ్బుల మైదానాలను మహిళల మ్యాచ్‌లకు ఇవ్వరాదని ఆదేశించింది. వసూళ్లలో ఖర్చుల కింద ఎక్కువ పోతోందన్న ఆరోపణను కూడా తీర్మానంలో జతచేసింది. ఆ నిషేధం ఎత్తేసింది 1971లో. మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి.

మ్యూజియం పనిలో ఉన్నవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. నిషేధం వల్ల మహిళల ఆట ఆగలేదు. డిక్ కెర్ జట్టు 1922లో అమెరికా వెళ్లి పురుషుల జట్లతో ఆడింది. ఇంగ్లండ్‌లో పార్కుల్లో, రగ్బీ మైదానాల్లో 1965 దాకా ఆడుతూనే ఉంది. లిలీ పార్ 1951 వరకు ఆడింది. ఆగిపోయింది నమోదు. లీగ్ పట్టికలు లేవు, అధికారిక స్కోరు పుస్తకాలు లేవు, పెద్ద స్టేడియంలో పత్రికల ఫొటోగ్రాఫర్లు లేరు. ఆమె గోల్స్ తొమ్మిది వందలకు పైనే అని చెబుతారు. ఆ సంఖ్యను అదే కాలపు పురుష ఆటగాళ్ల లీగ్ గోల్స్ పక్కన అలాగే పెట్టలేం, ఎందుకంటే రెండింటి వెనుక ఉన్న రికార్డులు ఒకే రకమైనవి కావు. అలాగని దాన్ని చిన్నబుచ్చకూడదు కూడా. రికార్డు ఎందుకు పలచగా ఉందో లేబుల్ మీద ఒక వాక్యంలో చెప్పాలి. ఆ ఒక్క వాక్యం సందర్శకుడికి సంఖ్య కంటే ఎక్కువ విషయం చెబుతుంది.

పార్ ప్రెస్టన్ దగ్గరి విటింగ్‌హామ్ మానసిక చికిత్సాలయంలో నర్సుగా పనిచేసి, 1978లో మరణించింది. ఆమెను 2002 జాబితాలోకి తీసుకురాగలిగారంటే అంతకు ముందు జరిగిన పని ఒకటుంది. ప్రెస్టన్‌కు చెందిన గెయిల్ న్యూషామ్ అనే స్థానిక చరిత్రకారిణి 1990లలో ఆ జట్టులో ఆడినవారిని, వారి కుటుంబాలను వెతికి కలుసుకుని జట్టు చరిత్రను రాశారు. వృద్ధులైన ఆటగత్తెలు ఇంకా మాట్లాడగలిగిన రోజుల్లో ఆ పని జరిగింది. మరో పదిహేనేళ్లు ఆలస్యమైతే ఎన్ని గొంతులు మిగిలేవో ఊహించుకోవచ్చు. ఎంపిక సంఘాన్ని అభినందించేవారు న్యూషామ్ లాంటి వారి పేరును కూడా అదే ఊపిరిలో చెప్పాలని నా కోరిక.

తొలి జాబితాలో ఒక్క మహిళే ఉండటం లోపమే. మిగిలిన వారికి ఆధారాలు లేవనడం పూర్తి జవాబు కాదు. ఆధారాలు లేకపోవడానికి కారణమే ఆ నిషేధం. ఆట నడిపిన సంస్థ చెరిపేసిన చరిత్రను తిరిగి రాసే బాధ్యత ఆ ఆట పేరుతో నడిచే మ్యూజియం మీద ఉంటుంది. తరువాతి విడతల్లో హోప్ పావెల్, స్యూ లోపెజ్ వంటివారు చేరారు. 2019 జూన్‌లో లిలీ పార్ కంచు విగ్రహాన్ని మ్యూజియంలోనే ఆవిష్కరించారు. ఆలస్యమైనా, వెళ్లిన దారి సరైనది.

గుర్తు లేని సమాధులు

2003లో చేరిన ఆర్థర్ వార్టన్ కథ కూడా ఈ కోవకే చెందుతుంది. 1865లో అక్రాలో, నేటి ఘనాలో పుట్టాడు. చదువు కోసం ఇంగ్లండ్ వచ్చి, 1886లో నూరు గజాల పరుగును 10 సెకన్లలో పూర్తిచేసి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. గోల్‌కీపర్‌గా ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు ఆడాడు. 1889లో రాథర్‌హామ్ టౌన్ జట్టుతో ప్రొఫెషనల్ అయ్యాడు. తొలి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడిగా చరిత్ర అతణ్ణి గుర్తిస్తుంది. చివరి సంవత్సరాలు బొగ్గు గనిలో పనిచేశాడు. 1930లో యార్క్‌షైర్‌లోని ఎడ్లింగ్టన్‌లో పేదవాడిగా మరణించాడు. సమాధి మీద పేరు కూడా లేదు. 1997లో షెఫీల్డ్ నుంచి జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసే ఒక ఫుట్‌బాల్ సంస్థ ప్రచారం చేసి అక్కడ రాయి నిలబెట్టింది. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఆరేళ్ల తరువాత వచ్చింది. 2014లో ఇంగ్లండ్ జాతీయ ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రంలో అతడి భారీ విగ్రహం నిలిచింది. ముందు సమాధి రాయి, తరువాత హాల్ ఆఫ్ ఫేమ్, ఆ తరువాత విగ్రహం.

ఇక్కడ స్కాట్లండ్ గురించి కొంచెం చెప్పాలి. గ్లాస్గోలోని హ్యాంప్డెన్ పార్క్‌లో ఉన్న స్కాటిష్ ఫుట్‌బాల్ మ్యూజియం తన హాల్ ఆఫ్ ఫేమ్‌ను 2004లో మొదలుపెట్టింది. అందులో ఆండ్రూ వాట్సన్ ఉన్నాడు. నేటి గయానాలో పుట్టిన వాట్సన్ 1881లో లండన్‌లో ఇంగ్లండ్‌ను 6–1తో ఓడించిన స్కాట్లండ్ జట్టుకు కెప్టెన్. వార్టన్ కంటే ముందే ఆడాడు, అయితే అమెచ్యూర్‌గా, అంటే జీతం తీసుకోకుండా. చాలాకాలం అతడు ఆస్ట్రేలియాలో మరణించాడని అనుకునేవారు. పరిశోధకులు చివరికి లండన్‌లోని రిచ్‌మండ్ శ్మశానంలో అతడి సమాధిని గుర్తించారు. దేశ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నవాడు ఎక్కడ మరణించాడో తెలియడానికి దాదాపు శతాబ్దం పట్టింది.

అద్దాల పెట్టెలో ఉన్నది ఎవరిది

గోడ మీద పేర్లు చదివి సందర్శకులు ముందుకు వెళ్లిపోతారు. వస్తువు ముందు మాత్రం ఆగుతారు. 1966 ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన నారింజ రంగు బంతి ఈ మ్యూజియం సేకరణలో ఉంది. మ్యాచ్ అయిపోగానే పశ్చిమ జర్మనీ ఆటగాడు హెల్ముట్ హాలర్ దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. మూడు గోల్స్ కొట్టిన ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్‌కు ఆనవాయితీ ప్రకారం దక్కవలసిన బంతి ముప్ఫై ఏళ్ల తరువాత, 1996లో ఇంగ్లండ్‌కు తిరిగొచ్చింది.

అందరినీ ఎక్కువగా ఆకర్షించిన వస్తువు మాత్రం ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌కు అర్హతే లేని ఆటగాడిది. 1986 జూన్ 22న మెక్సికో సిటీలో ఇంగ్లండ్‌పై చేత్తో ఒక గోల్, అరడజను మందిని దాటుకుంటూ మరో గోల్ కొట్టిన డియెగో మారడోనా జెర్సీ అది. ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ స్టీవ్ హాడ్జ్ మ్యాచ్ తరువాత ఆయనతో జెర్సీ మార్చుకున్నారు. దాదాపు ఇరవై ఏళ్లు దాన్ని ఈ మ్యూజియానికి అరువిచ్చారు. 2022 మే నెలలో సోథబీస్ వేలంలో అది 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మ్యూజియం గోడలో ఖాళీ మిగిలింది.

ఇంకో అరువు వేరే విధంగా నడిచింది. ఎఫ్‌ఏ కప్పు మొదటి ట్రోఫీ 1895లో బర్మింగ్‌హామ్‌లో దొంగల పాలైంది. 1896 నుంచి 1910 దాకా వాడిన రెండో ట్రోఫీని 2005 వేలంలో వ్యాపారవేత్త డేవిడ్ గోల్డ్ 4,78,400 పౌండ్లకు కొని మ్యూజియానికి అరువిచ్చారు. 2020లో దాన్ని మళ్లీ వేలం వేస్తే మాంచెస్టర్ సిటీ యజమాని షేక్ మన్సూర్ 7,60,000 పౌండ్లకు కొని మ్యూజియంలోనే ఉంచారు. రెండు సందర్భాల్లోనూ మ్యూజియం చేతిలో ఉన్నది యజమాని సద్భావన మాత్రమే. ఒకసారి అది కలిసొచ్చింది, ఇంకోసారి కలిసిరాలేదు.

అందుకే అరువు పత్రం రాసేటప్పుడు నాలుగు విషయాల మీద నేను పట్టుబడతాను: అరువు గడువు, వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, వస్తువును పూర్తి స్థాయిలో ఫొటో తీసుకునే హక్కు, అది వెళ్లిపోతే నమూనా తయారుచేసి పెట్టుకునే అనుమతి. కుటుంబాలతో మాట్లాడేటప్పుడు ఈ విషయాలు ఎత్తడానికి చాలామంది మొహమాటపడతారు. మొహమాటం వల్ల రెండు వైపులా నష్టమే. తాతగారి పతకం మ్యూజియంకు ఇచ్చామో, అరువిచ్చామో మనవడి కాలానికి ఎవరికీ గుర్తుండదు.

భద్రత గురించి క్లుప్తంగా. పాత జెర్సీని ఉతకకూడదు. దాని మీది చెమట మరక, మట్టి, చిరుగు అన్నీ సాక్ష్యాలే. వస్త్రాల మీద పడే వెలుతురు 50 లక్సులకు మించకూడదన్నది మ్యూజియంలు పాటించే ప్రమాణం. అద్దాల భవనంలో దాన్ని సాధించాలంటే పెట్టెలను పగటి వెలుగు తగలని లోపలి భాగానికి జరపాలి, ఒకే జెర్సీని ఏళ్ల తరబడి బయట ఉంచకుండా మార్చుతూ ఉండాలి. తోలు బంతిలో మళ్లీ గాలి నింపాలని చూస్తే కుట్లు విడిపోతాయి. లోపల మెత్తని, ఆమ్లం లేని కాగితం నింపి ఆకారం నిలబెట్టడం క్షేమం.

ఇదే పని హైదరాబాద్‌లో చేయాల్సివస్తే

ఈ కేసును తెలుగులో రాయడానికి కారణం ఉంది. 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును వరసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మన నగరానిది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్ జట్టులో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్ అందరూ ఇక్కడి మైదానాల్లో ఎదిగినవారే. హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58 సీజన్లలో రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965–66లో అదే ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. ఇంత చరిత్ర ఉన్న నగరానికి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఊహించడం అత్యాశ కాదు.

మాంచెస్టర్ నిబంధనను ఇక్కడికి యథాతథంగా తెచ్చి, హైదరాబాద్‌లో ఐదేళ్లు ఆడి ఉండాలి అని రాశామనుకుందాం. మొదట జారిపోయేది మహమ్మద్ హబీబ్. 1949లో ఇక్కడ పుట్టి, ఇక్కడ ఆట నేర్చుకుని, పదిహేడో ఏటనే 1966లో కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. ఆయన ఆట జీవితం దాదాపు అంతా కోల్‌కతా పెద్ద క్లబ్బుల్లోనే గడిచింది. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ లేకుండా హైదరాబాద్ జాబితా ఏముంటుంది? సయ్యద్ నయీముద్దీన్ కూడా కోల్‌కతా దారి పట్టినవారే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ ఆయన. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఇంగ్లండ్ లీగ్ ప్రపంచం నలుమూలల నుంచి ఆటగాళ్లను రప్పించుకుంది కాబట్టి అక్కడ ‘ఇక్కడ ఆడినవారు’ అనే గీత పనిచేసింది. హైదరాబాద్ ఆటగాళ్లను తయారుచేసి పంపించిన నగరం. ఇక్కడ నిబంధనలో ‘ఇక్కడ ఆట నేర్చుకున్నవారు లేదా ఇక్కడి జట్లకు ఆడినవారు’ అని ఉండాలి. కోచ్‌లకు మొదటి రోజు నుంచే ప్రత్యేక విభాగం ఉండాలి, లేకపోతే రహీంకు చోటెక్కడ?

వలస వెళ్లిన ఆటగాళ్ల ఆధారాలు కూడా వలస వెళ్తాయి. బలరాం కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో మరణించారు. 1962 ఫైనల్లో గోల్‌కీపర్‌గా నిలిచిన పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి, సైన్యంలో ఎదిగి, 2008లో బొకారోలో కన్నుమూశారు. రహీం జకార్తా విజయం తరువాత ఏడాది నిండకుండానే 1963 జూన్‌లో వెళ్లిపోయారు. అంటే ఈ హాల్ కోసం వెతకడానికి బయలుదేరేవారు హైదరాబాద్‌లోని బార్కస్ వీధులతో పాటు ఉత్తర్‌పారా, బొకారో కూడా వెళ్లాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, బెంగాలీ పత్రికల పాత సంచికలు నాలుగూ తిరగేయాలి. న్యూషామ్ ప్రెస్టన్‌లో చేసినట్టు ముందు మనుషులతో మాట్లాడాలి, పత్రాలు ఆ తరువాత. కాగితం ఇంకొన్నాళ్లు ఆగుతుంది, ఎనభై ఐదేళ్ల సహచరుడి జ్ఞాపకం ఆగకపోవచ్చు. ఆ తరం వారిలో మిగిలినవారు చాలా కొద్దిమంది. వారి పక్కన కూర్చుని, పాత జట్టు ఫొటోలు చేతికిచ్చి, ఒక్కో ముఖం మీద వేలు పెట్టించి పేర్లు చెప్పించుకోవడం నేనైతే భవనం నమూనా గీయకముందే మొదలుపెడతాను.

మహిళల విషయంలో మాంచెస్టర్‌కు పట్టిన ఆలస్యం మనకు పట్టనక్కర్లేదు. నిజామాబాద్ నుంచి భారత జట్టుకు ఎదిగిన గుగులోత్ సౌమ్య వంటి క్రీడాకారిణులు మన కళ్ల ముందే ఆడుతున్నారు. వయసు నిబంధన ప్రకారం హాల్‌లో చేరడానికి వారికి ఇంకా సమయం ఉంది, కానీ వారి వస్తువులు సేకరించడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. దేశం తరఫున ఆడిన జెర్సీ ఒకటి ఉతకకుండా ఇమ్మని ఇప్పుడే అడగాలి. ఏ మ్యాచ్‌లో, ఏ తేదీన వేసుకున్నదో వారి గొంతుతోనే రికార్డు చేయించి, ఇచ్చింది కానుకగానో అరువుగానో సంతకంతో సహా రిజిస్టరులో ఎక్కించాలి.